ఇంటర్‌లో మంచి మార్కులు వస్తే వరంగల్‌లో బీకాం, బీబీఏకు మెరిట్ స్కాలర్‌షిప్ వస్తుందా?

వస్తుంది. కానీ అది కాలేజీ ఇచ్చేది కాదు, కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్: డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలు, కుటుంబ ఆదాయం 4.5 లక్షలు దాటకూడదు.

మన దగ్గర ‘స్కాలర్‌షిప్’ అనగానే గుర్తొచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ వేరు. దానికి మార్కులతో పని లేదు. సామాజిక వర్గం, ఆదాయం, సీటు ఎలా వచ్చిందన్నదే చూస్తారు. దోస్త్‌లో (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ కౌన్సెలింగ్) కాకుండా, చివర్లో మిగిలిన సీట్లకు జరిగే స్పాట్ అడ్మిషన్‌లో చేరితే అది రాదు. మార్కులు అసలు పనికొచ్చేది ఇంకో చోట. దోస్త్‌లో సీట్లు ఇంటర్ మార్కుల మీదే ఇస్తారు కాబట్టి, ఫీజు తక్కువుండే సర్కారు కాలేజీలో సీటు దొరుకుతుంది.

ఉదాహరణకు నర్సంపేటలో సీఈసీ చదివిన అమ్మాయికి హన్మకొండ పింగిళి మహిళా కాలేజీలో బీకాం సీటు వచ్చిందనుకుందాం. ఫీజు ఎలాగూ తక్కువే. కేంద్ర స్కాలర్‌షిప్‌కు ఆమె నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఫస్టియర్‌లోనే దరఖాస్తు చేసుకోవాలి, తర్వాత ఏటా రెన్యువల్. రీయింబర్స్‌మెంట్ తీసుకుంటే మాత్రం ఇది రాదు. రెంటిలో ఒక్కటే. ప్రైవేటు కాలేజీలో చేరేవాళ్లు ఏది ఎక్కువో లెక్కేసుకోవాలి.

ఈ కేంద్ర స్కాలర్‌షిప్ అర్హతలో చాలామంది పొరపడేది ‘80’ దగ్గర. 80 శాతం మార్కులు కాదు, 80వ పర్సంటైల్. అంటే బోర్డులో మీ విభాగంలో పాసైన వాళ్లలో పైనున్న ఐదో వంతులో ఉండాలి. సైన్స్, కామర్స్, ఆర్ట్స్ కోటాలు వేర్వేరు కాబట్టి సీఈసీ వాళ్లకు ఎంపీసీ వాళ్లతో పోటీ ఉండదు.