చీర కట్టడం మానొద్దు తల్లీ

చిట్టితల్లీ,

అమీర్‌పేట మెట్రో స్టేషన్లో అందరి ముందూ కుచ్చిళ్లు ఊడిపోయాయని, ఇక చీర జోలికే వెళ్లనంటున్నావని మీ అమ్మ చెప్పింది. మనసు చివుక్కుమంది. చీరంటే నీకెంత ఇష్టమో నాకు తెలుసు. మానొద్దమ్మా, కట్టే పద్ధతి మార్చుకో.

శాటిన్ లంగా మీద సిల్కు చీర నిలవదు. కాటన్ లంగా వేసుకుని బొందు బిగించి కట్టు. కుచ్చిళ్లన్నీ కలిపి లోపలివైపు పెద్ద పిన్నీసు పెట్టి, దాన్ని లంగాకి కూడా గుచ్చు. అయినా ఊడిందా, పరుగెత్తకు. బొడ్డు దగ్గర గట్టిగా పట్టుకుని గోడవైపు తిరిగి, పక్కనున్నావిడని "అక్కా, కొంచెం అడ్డం నిలబడతారా" అని అడుగు. ఆడవాళ్లందరం ఎప్పుడో ఒకప్పుడు ఈ టెన్షన్ పడ్డవాళ్లమే. ఎవడైనా ఫోన్ ఎత్తి వీడియో తీస్తే 112కి కొట్టు. ఆడవాళ్లని వేధించేవాళ్లని పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 నుంచి మన హైదరాబాద్‌లో ఉన్నాయి. సిగ్గుపడాల్సింది వాడు, నువ్వు కాదు.

నాకు అసలు భయం ఎస్కలేటర్ గురించే. దిగేచోట దువ్వెనలా ఉండే పళ్లలో చీర అంచు ఇరుక్కుంటుంది. ఎక్కేముందే కొంగు ముందుకి తెచ్చి చేత్తో పట్టుకో, కుచ్చిళ్లు కాస్త ఎత్తిపట్టు. ఇరుక్కుంటే నువ్వు లాగొద్దు. పైనా కిందా ఎర్ర బటన్ ఉంటుంది, నొక్కమని గట్టిగా అరువు. చీర చిరిగితే చిరగనీ.

బండి వెనక కూర్చున్నా అంతే జాగ్రత్త. చున్నీ చక్రంలో పడితే మెడకి ఉరి బిగుస్తుంది. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చిక్కుకోకుండా చక్రం సగమైనా కప్పి ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతోంది. స్టైల్ కోసం మీ తమ్ముడు శారీ గార్డ్ పీకించేస్తే ఆ బండి ఎక్కనని మొహం మీదే చెప్పు.

జాకెట్ హుక్కు తెగితే కొంగు భుజాల చుట్టూ కప్పుకుంటే సరిపోతుంది. నెలసరి మరక పడితే చున్నీ నడుముకి చుట్టుకో, ఇంటికెళ్లి చన్నీళ్లతోనే ఉతుకు, వేడినీళ్లు తగిలితే మరక వదలదు. వానాకాలంలో లేతరంగు బట్టలు వేసుకుంటే బ్యాగులో ముదురురంగు చున్నీ ఒకటి పెట్టుకో.

ఆదివారం ఆ నీలం చీర పట్టుకురా. సుల్తాన్ బజార్లో ఫాల్ తెచ్చి నేనే కుట్టిపెడతాను.

మీ అత్తయ్య