డాక్టర్ సలహా: ఫిల్టర్ తర్వాత కొనొచ్చు, ముందు రక్త పరీక్ష

ప్రశ్న: మాది బోడుప్పల్. గత నెల మా గల్లీలో డ్రైనేజీ పనులకు తవ్వినప్పుడు నాలుగైదు రోజులు నల్లా నీళ్లు మురుగు వాసన వచ్చాయి. తర్వాత బాగానే ఉన్నాయి. మీటర్‌తో చూస్తే టీడీఎస్ 180 వచ్చింది. ఆర్వో కొనాలా, యూవీ చాలా? మా ఆవిడకు ఏడో నెల. వారం నుంచి అన్నం సహించట్లేదు, వాంతులు, మూత్రం పచ్చగా పోతోంది. వేడి చేసిందని మెడికల్ షాపులో ఇచ్చిన గ్యాస్ టాబ్లెట్, జ్వరం గోళీ వాడుతున్నాం.

– ఓ పాఠకుడు

జవాబు: ఫిల్టర్ సంగతి తర్వాత. మీ ఆవిడను ఈ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మీరు రాసిన లక్షణాలకు ముందుగా కామెర్లను అనుమానించాలి. కళ్లు ఇంకా పచ్చబడకపోయినా సరే. మనిషిని చూడకుండా ఇదే జబ్బని చెప్పలేను. వాంతులతో ఒంట్లో నీరు తగ్గినా మూత్రం పచ్చగా పోతుంది, గర్భంతో వచ్చే వేరే లివర్ సమస్యలూ ఉన్నాయి. కానీ మురుగు వాసన నీళ్లన్నారు కాబట్టి హెపటైటిస్-ఇ (కలుషిత నీళ్లతో సోకే లివర్ వైరస్) ఉందేమో చూడాల్సిందే. ఆ వైరస్ సోకిన 2 నుంచి 10 వారాలకు జబ్బు బయటపడుతుంది. అప్పటికి నీళ్ల సంగతి అందరూ మర్చిపోయి ఉంటారు. మామూలు వాళ్లకు చాలావరకు దానంతటదే తగ్గుతుంది. చివరి మూడు నెలల గర్భిణులకు సోకితే మాత్రం 20 నుంచి 25 శాతం దాకా ప్రాణాపాయం ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కామెర్లు తెలిపే బిలిరుబిన్, లివర్ దెబ్బతిందా అని చూసే ఎస్‌జీపీటీ, రక్తం గడ్డకట్టే తీరు చూసే పీటీ-ఐఎన్‌ఆర్, హెపటైటిస్ పరీక్షలు రాస్తారు. కాన్పుల డాక్టర్, ఐసీయూ ఒకేచోట ఉంటే మేలు. మత్తుగా ఉన్నా, మాట తడబడినా, ఎక్కడైనా రక్తం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా 108కి ఫోన్ చేయండి.

ఇక మెడికల్ షాపు. కడుపుతో ఉన్న మనిషికి వారం రోజులు షాపు మందులా? ఫిల్టర్ ధరలు చూసిన టైమ్‌లో బిలిరుబిన్ రిపోర్టు వచ్చేసేది! జ్వరం గోళీ అంటే పారాసెటమాలే అనుకుంటున్నా. లివర్ దెబ్బతిని ఉంటే దాని డోసు డాక్టరే చెప్పాలి. ఎన్ని వేశారో దాచకండి, ఖాళీ స్ట్రిప్పులూ పట్టుకెళ్లండి. పసరు మందు మింగి, పథ్యం పేరుతో తిండి మానేసి, బాగా నీరసించాక మా ఓపీకి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎవరు చెప్పినా ఆ దారి పట్టకండి.

నీళ్ల విషయం. టీడీఎస్ మీటర్ కరిగిన లవణాలనే చూపిస్తుంది. క్రిములున్న నీళ్లకూ 180 రావచ్చు. నల్లా రాని వేళల్లో పైపు ఖాళీగా ఉంటుంది, పక్కనున్న మురుగు జాయింట్ల సందుల్లోంచి లోపలికి దిగుతుంది. నల్లాకు నేరుగా మోటార్ బిగిస్తే ఇంకా లాగుతుంది. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీటికి ప్రాణాలే పోయాయి. ప్రస్తుతానికి నీళ్లు బాగా మసిలించి, చల్లార్చి తాగండి, పళ్లు తోముకోవడానికీ అవే. సంప్, పై ట్యాంకు ఖాళీ చేసి కడిగించి బ్లీచింగ్ చేయించండి. మళ్లీ వాసనొస్తే జలమండలి 155313కి చెప్పండి. టీడీఎస్ 180కి సాధారణంగా ఆర్వో అక్కర్లేదు. సర్వీసింగ్ సరిగ్గా చేయిస్తే యూవీ చాలు.

ఇంట్లో అందరూ అవే నీళ్లు తాగారు కదా. ఇంకెవరికైనా ఆకలి మందగించినా, మూత్రం పచ్చగా పోతున్నా వాళ్లకూ పరీక్ష చేయించండి.