పార్కిన్సన్ ఉన్న జీవిత భాగస్వామికి రోజువారీ పనుల్లో ఎంతవరకు సాయం చేయాలి?

మీ భర్తగారికి పార్కిన్సన్ వ్యాధి అని తేలిందనీ, గుండీలు పెట్టడం మొదలుకొని ప్రతి పనీ మీరే చేసిపెట్టాలో, ఆలస్యమైనా ఆయన్నే చేసుకోనివ్వాలో తెలియడం లేదనీ రాశారు. నా భార్య చాలా ఏళ్లుగా ఈ వ్యాధితో జీవిస్తోంది. నా అనుభవంలో దీనికి సమాధానం పనిని బట్టి కాక వేళను బట్టి మారుతుంది. ఈ వ్యాధికి ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా. ఆ మాత్ర బాగా పనిచేస్తున్నంతసేపు తన జుట్టు తానే దువ్వుకొని, మెట్లు కూడా దిగే మనిషికి, దాని ప్రభావం తగ్గగానే కుర్చీలోంచి లేవడమే కష్టమవుతుంది. ఇందాక చేసిన పని ఇప్పుడెందుకు చేయలేదని చుట్టాలు అడుగుతారు. మెదడులో కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్షీణించినందువల్ల కదలిక చాలావరకు మాత్ర మీదే ఆధారపడుతుందని, అందులో ఆమె బద్ధకం గాని మొండితనం గాని లేవని నేను ఓపికగా చెబుతుంటాను.

అందుచేత ముందుగా ఒక పుస్తకం పెట్టుకోండి. మాత్ర ఎప్పుడు వేశారు, ఎంతసేపటికి పనిచేసింది, మళ్లీ ఎప్పుడు బిగుసుకుపోయారు అన్నది కొన్నాళ్లు రాస్తే ఆయన రోజు ఎలా నడుస్తుందో మీకే తెలుస్తుంది. స్నానం, నడక, వ్యాయామం మంచి వేళల్లోకి మార్చి, అప్పుడు ఎంత నెమ్మదిగానైనా ఆయన్నే చేసుకోనివ్వండి. తక్కిన వేళల్లో సంకోచం లేకుండా చేయందించండి. ఆ పుస్తకాన్ని న్యూరాలజిస్టుకు చూపితే మోతాదుల మధ్య వ్యవధిని సరిచేయడం వారికీ సులువవుతుంది. మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న భోజనం లెవోడోపా పేగుల నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడులోకి చేరడానికి అడ్డుపడుతుంది కనుక, మాత్రను సాధారణంగా భోజనానికి 30 నిమిషాల ముందు గాని, గంట తరువాత గాని వేసుకోమంటారు. వైద్యుని అడగకుండా ఒక్కసారిగా మానేయడం మాత్రం ప్రమాదకరం. వేరే కారణంతో ఆసుపత్రిలో చేరినా మాత్రల వేళలు తప్పకూడదు. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్, కలవరానికి ఇచ్చే హాలోపెరిడాల్ డోపమైన్‌ను అడ్డుకొని లక్షణాలను పెంచుతాయి కనుక, వాటి పేర్లు రాసిన కాగితం నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది.

గుమ్మం దగ్గరో, మలుపు తిరిగేటప్పుడో కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతే చేయి పట్టి లాగకండి. పైభాగం ముందుకు వచ్చి, పాదాలు కదలక పడిపోతారు. నేను పక్కన నిలబడి, కాస్త ఆగి, ‘ఒకటి, రెండు’ అని లయగా లెక్కపెడతాను, లేదా దాటడానికి నా పాదాన్ని ఆమె ముందు అడ్డంగా ఉంచుతాను. నేల మీద అడ్డంగా అతికించిన రంగు పట్టీలూ అలాగే పనిచేస్తాయి. నడుస్తున్నప్పుడు ప్రశ్నలు అడగకపోవడం మంచిది.

నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది ఆమె ముఖంలో భావం తగ్గిపోవడం. ముఖ కండరాలు బిగుసుకొని, కదలికలు మందగించడం వల్ల, సంతోషంగా ఉన్నప్పుడూ నవ్వు బయటికి రాదు. దాన్ని కోపమనో, విముఖతనో అనుకుంటే ఇద్దరి మధ్య దూరం పెరుగుతుంది. అందుకే ముఖం చూసి ఊహించుకోవడం మాని, ‘ఇప్పుడెలా ఉంది?’ అని అడిగి తెలుసుకుంటాను. గొంతు కూడా సన్నబడుతుంది గనుక టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చొని, మాట పూర్తయ్యేదాకా ఆగుతాను. స్పీచ్ థెరపీ మొదట్లోనే ప్రారంభించడం మేలు.

ఇక రాత్రుల సంగతి. పక్క మీద ఒత్తిగిలడం కష్టం కావడం, కలలో అరవడం, చేతులూ కాళ్లూ విసరడం ఈ వ్యాధిలో సాధారణమే, వాటికి చికిత్స ఉంది. వైద్యునికి చెప్పడానికి మొహమాటపడకండి. లేవగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు కనుక, మంచం అంచున కాసేపు కూర్చున్నాకే నిలబడమనండి. మీ నిద్ర వరసగా చెడుతుంటే, మాత్రల వేళలు నేర్పి, కొన్ని రాత్రులు ఇంకొకరికి అప్పగించండి. ఆయన్ను లేపి నిలబెట్టాల్సిన చేతులు మీవే గనుక, ఈ ఏర్పాటు అలసిపోయాక కాక ఇప్పుడే చేసుకోమని కోరుతున్నాను.