ఇంజను ఆపకుండా పెట్రోలు కొట్టించుకునే అల్లుడికి

అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో మాటల మధ్య అనేసింది: "వాడు దారిలో బండి ఆపకుండానే పెట్రోలు పోయించుకుంటున్నాడంటరా తమ్ముడూ, ఆపితే మళ్ళీ స్టార్టవదంట" అని. బంకు కుర్రాడు వద్దన్నా బతిమాలి ఒప్పించానని గొప్పగా చెప్పావట కూడా. ఆ బండి నీ చేతికిచ్చింది నేనే కాబట్టి నాకు నిద్ర పట్టలేదు.

ముందు తప్పు నాదే. అది పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్, ప్లగ్గుకి నిప్పురవ్వ పుట్టించే పాత రకం పాయింట్లతో నడిచేది. బటన్ నొక్కగానే లేచే ఇప్పటి బళ్ళ లాంటిది కాదు. వేడి మీద మొండికేస్తుందని చెప్పాను గానీ, బంకు దగ్గర దాంతో ఎలా వేగాలో చెప్పలేదు.

నీ వయసులో నేనూ ఈ వెధవ పనే చేశాను. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, మిర్యాలగూడ దాటాక. ఇంజను టకటకమంటూనే ఉంది, నేను సీటు దిగలేదు. బంకతను మీటరు వంక చూస్తున్నాడు, నేను జేబులో చిల్లర వెతుకుతున్నా. పెట్రోలు మూతి దాకా వచ్చి, పొంగి, ట్యాంకు మీదుగా జారి సిలిండరు రెక్కల మీద పడింది. చుయ్యిమంది. రెక్కల మధ్య నుంచి తెల్లటి ఆవిరి లేచి నా మోకాలికి వెచ్చగా తగిలింది. ఇంజను మాత్రం తన మానాన తాను కొట్టుకుంటూనే ఉంది. ప్లగ్గు వైరు ఎక్కడైనా చిట్లి ఉండుంటే నిప్పురవ్వ బయటే చిటుక్కుమనేది. అంటుకోలేదు. అది నా తెలివి కాదు. బంకతను ఇసక బకెట్ తెచ్చి కిందంతా పోశాడు గానీ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మండేది పెట్రోలు కాదురా, దాని ఆవిరి. సున్నాకి 40 డిగ్రీల దిగువన, అంత చలిలో కూడా అంటుకునేంత ఆవిరి వస్తుంది దాన్నుంచి. మన పల్నాడు ఎండలో ఎంతొస్తుందో నువ్వే ఊహించుకో. పైగా ఆ ఆవిరి గాలి కంటే బరువు. మూత తీయగానే పైకి పోదు, కిందికి జారుతుంది. ట్యాంకు కింద ఏముంది? కాలుతున్న ఇంజను, దాని పక్కనే సైలెన్సర్ పైపు.

ఇంకో సంగతి. ఆ ట్యాంకులో 14 లీటర్ల పైనే పడుతుంది. లీటరుకి 35 వేసుకున్నా నాలుగు వందల కిలోమీటర్లు దాటుతుంది. గుంటూరు నుంచి పిడుగురాళ్ళ, వాడపల్లి, నార్కెట్‌పల్లి మీదుగా హైదరాబాదు మూడొందల లోపే. అంటే నీకు దారిలో బంకు అవసరమే లేదు! రెండొందలకి కొట్టించే అలవాటు వల్లే వచ్చింది ఈ తిప్పలంతా. బయలుదేరే రోజు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఇంటి దగ్గరి బంకులో నింపించుకో. మూతి దాకా మాత్రం పోయించకు. ఎండకి ట్యాంకు 20 డిగ్రీలు వేడెక్కితే ఆ 14 లీటర్లు పావు లీటరు పైగా పెరుగుతాయి. రెండు వేళ్ళ ఎడం వదిలెయ్.

తప్పనిసరై దారిలో ఆగాల్సి వస్తే, టీ ముందు, పెట్రోలు తర్వాత. బంకుకి కాస్త ఇవతల చెట్టు నీడ చూసి ఆపు. ఆపగానే పెట్రోలు ట్యాపు కట్టెయ్, లేకపోతే ఆ వేడికి కార్బరేటర్ పొంగి ఇంజను లోపలంతా పెట్రోలుతో తడిసిపోతుంది. ఇరవై నిమిషాలు కూర్చో. బాటిల్ నీళ్ళు ఇంజను మీద పొయ్యమనే మేధావి ఎవడో ఒకడు తగులుతాడు, వినకు, కాలే ఇనుము పగులుతుంది. బంకులోకి బండిని తోసుకుంటూ వెళ్ళు. సిగ్గేం లేదు. సెంటర్ స్టాండు వేసి, కిందికి దిగి, ఫోను జేబులోనే ఉంచి, మీటరు సున్నా చూశాక పోయించుకో. గన్ ట్యాంకు మూతిని తాకుతూ ఉండాలి. చుక్క ఒలికినా గుడ్డతో తుడిచి ఆరనివ్వు. ఖర్మ కాలి మంట లేస్తే గన్ బయటికి లాగకూడదు, లాగితే మంట దానితోపాటే వస్తుంది. వదిలేసి దూరం జరిగి కేకెయ్. మిగతాది బంకు వాళ్ళు చూసుకుంటారు. బండి పోతే పోనీ.

కిక్కు మాత్రం పంపు దగ్గర కొట్టొద్దు. రోడ్డు పక్కకి తోసుకెళ్ళాక కొట్టు. వేడి మీద చోక్ ముట్టుకోకు, అది ఇంజనుకి పెట్రోలు ఎక్కువ పంపుతుంది. నువ్వు చేసే తప్పు అదేనని నా అనుమానం, ఎందుకంటే లేవకపోతే చోక్ లాగడం మీ నాన్న దగ్గర నేర్చుకున్నావు, ఆయనది లూనా. మూడు కిక్కులకి లేవలేదంటే ఇంజను తడిసినట్టే. తాళం ఆపి, పెట్రోలు కట్టి, యాక్సిలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, డీకంప్రెషర్ (సిలిండర్లో ఒత్తిడి వదిలే చిన్న మీట) నొక్కి ఐదారు సార్లు తొక్కు. ఎక్కువైన పెట్రోలు బయటికి పోతుంది. తర్వాత పెట్రోలు, తాళం తిప్పి, కరెంటు చూపే ఆంప్ మీటరు ముల్లు మధ్యకొచ్చేదాకా మెల్లగా కిక్కు నొక్కు. డీకంప్రెషర్‌తో కిక్కుని ఇంకాస్త దించి, డీకంప్రెషర్ వదిలేసి, కిక్కుని పైకి రానిచ్చి, అప్పుడు ఒక్కటి నిండుగా కొట్టు. యాక్సిలేటర్ తిప్పకు.

ఇంత చేసినా లేవక, అరగంట చల్లారాక తనంతట తానే లేస్తోందంటే అనుమానం పాయింట్లతో కలిసి పనిచేసే కండెన్సర్ మీద. వేడికి అది నీరసిస్తుంది. పెద్ద ధర కాదు, ఒకటి కొని టూల్ బాక్సులో పడెయ్. ట్యాంకు మూత తీసినప్పుడు 'హుస్' మని గాలి లోపలికి పీలుస్తోందా, అదీ చూడు. పీలిస్తే మూతలో గాలి రంధ్రం పూడిందన్న మాట, దూరం పోయేసరికి పెట్రోలు దిగదు.

నాకైతే వాల్వుల్ని తెరిచే ట్యాపెట్ల మీద కూడా అనుమానంగా ఉంది. బిగుసుకుంటే వేడి మీద వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ ఉండదు, అప్పుడు ఎంత తొక్కినా కాళ్ళ నొప్పులే. అది ఫోన్లో చెప్తే అయ్యే పని కాదు. పైగా ఇంజను పూర్తిగా చల్లబడి ఉంటేనే సరిచెయ్యాలి. అందుకని వచ్చే శనివారం సాయంత్రానికే వచ్చెయ్, బండి రాత్రంతా వరండాలో ఉంటుంది. పొద్దున ఆరింటికి కవరు విప్పుదాం. స్పానర్లు నా దగ్గరున్నాయి, పాత బనియన్లు ఒక రెండు పట్టుకురా.

మీ మామయ్య