ఊరియా పేరు తీసేయొద్దు

తమ్ముడికి వందనాలు.

ఇశ్రాయేలు రాజు దావీదు మీద నువ్వు రాసిన నవల అందింది. ఏలా లోయలో గొలియాతు ఘట్టం బాగుంది. కానీ ఏడో అధ్యాయంలో ఒక వాక్యం చదివి నాకు కోపం వచ్చింది. అందుకే వెంటనే రాస్తున్నాను. "ఒక బలహీన క్షణంలో దావీదు పొరపాటు చేశాడు, తర్వాత పశ్చాత్తాపపడ్డాడు." అంతేనా? బత్షెబ పేరు ఒక్కసారి వచ్చింది. ఆమె భర్త, దావీదు సైనికుడు ఊరియా పేరు అసలు లేదు. పేజీ తిప్పేసరికి బత్షెబకు, దావీదుకు సొలొమోను పుట్టేశాడు.

బైబిల్లో రెండో సమూయేలు 11వ అధ్యాయం మళ్ళీ చదువు, నెమ్మదిగా చదువు. అక్కడ జరిగింది క్షణంలో అయిపోయిన పని కాదు. సైన్యమంతా అమ్మోనీయుల రబ్బా దగ్గర ముట్టడిలో ఉంది, రాజు యెరూషలేములో ఉండిపోయాడు. అక్కడ ఊరియా భార్య బత్షెబను పిలిపించుకుని ఆమెతో పడుకున్నాడు. ఆమె గర్భవతి అని కబురు రాగానే ఊరియాను పిలిపించి, యుద్ధం ఎలా సాగుతోందని అడిగాడు. ఇంటికి వెళ్ళమన్నాడు, వెనకాలే కానుక పంపాడు. ఊరియా వెళ్ళలేదు. రాజనగరు ద్వారం దగ్గర సేవకులతో కలిసి పడుకున్నాడు. దేవుని మందసమూ (నిబంధన పెట్టె) తోటి సైనికులూ గుడారాల్లో ఉంటే నేను ఇంటికెళ్ళి తిని, తాగి, భార్యతో ఉంటానా అన్నాడు. మర్నాడు రాజు అతనికి మత్తెక్కేదాకా తాగించాడు. అప్పుడూ వెళ్ళలేదు. ఇక చివరికి, ఇతణ్ణి యుద్ధంలో ముందు పెట్టి మీరు వెనక్కి తగ్గండని సేనాపతి యోవాబుకు ఉత్తరం రాసి, దాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. ఆ మనిషి తన చావు రాసిన ఉత్తరాన్ని తనే మోసుకెళ్ళాడు. దీన్ని పొరపాటు అనడానికి నీకు మనసెలా ఒప్పింది?

దేవుడే క్షమించాక మనం తవ్వడమెందుకు అంటావేమో. నేను ఇన్నేళ్ళూ పట్టుకుని ఉన్న మాట ఒక్కటే: మనిషి చేసింది పూర్తిగా రాయకుండా దేవుడు ఎంత నమ్మదగినవాడో రాయలేం. అప్పు ఎంతో చెప్పకుండా, అది తీర్చినవాణ్ణి ఎంత పొగిడినా వినేవాడికి ఏం అర్థమవుతుంది?

రెండో సమూయేలు ఏడో అధ్యాయంలో దేవుడు దావీదు వంశానికి ఇచ్చిన మాట చూడు. నీ కొడుకు తప్పు చేస్తే మనుషుల దండంతో శిక్షిస్తాను, కానీ నీకు ముందు రాజైన సౌలుకు దూరం చేసినట్టు నా కృపను అతనికి దూరం చేయను అన్నాడు. అంటే మాట ఇచ్చిన రోజే తప్పు లెక్కలో ఉంది. బత్షెబ సంగతి ఆ తర్వాత నాలుగు అధ్యాయాలకు వస్తుంది. మాట నిలిచింది, దండమూ పడింది. బత్షెబకు పుట్టిన ఆ బిడ్డ చనిపోయాడు. దావీదు కూతురు తామారును ఆమె సవతి అన్న అమ్నోను చెరిచాడు, అమ్నోనును ఆమె సొంత అన్న అబ్షాలోము చంపించాడు, ఆ అబ్షాలోమే తండ్రి మీద తిరగబడ్డాడు. నువ్వు ఇవేవీ రాయలేదు. ఇవి లేకపోతే క్షమాపణ చాలా చవకైపోతుంది.

అదే చరిత్రను మళ్ళీ చెప్పే దినవృత్తాంతములలో బత్షెబ కథ లేదు కదా అని నీ ఉత్తరంలో అన్నావు. నిజమే. మొదటి దినవృత్తాంతములు 20లో దావీదు యెరూషలేములో ఉన్నాడు అన్న వెంటనే రబ్బా పడిపోతుంది, కిరీటం అతని తలకెక్కుతుంది. ఆ రచయిత మనసంతా యెరూషలేము మందిరం మీద ఉంది. అయితే ఆ పుస్తకం వచ్చిందని సమూయేలు గ్రంథాన్ని ఎవరూ పక్కన పెట్టలేదు. తమ గొప్ప రాజు చేసిన హత్యను ఆ ప్రజలు తమ లేఖనాల్లోనే ఉంచుకున్నారు. అష్షూరు రాజుల శాసనాలు చూడు, వరసగా గెలుపులే.

నేనూ ఒకప్పుడు ఆదికాండము 38 మీద, యూదా తామారుల మీద కథ రాశాను. (ఈ తామారు వేరు, యూదా కోడలు. ముసుగులో ఉన్న ఆమెను గుర్తుపట్టక యూదా ఆమెతో పడుకున్నాడు, తర్వాత అతని తాకట్టు వస్తువులే చూపించి గర్భం అతనిదని రుజువు చేసింది.) ట్యూషన్లు చెప్పుకుని వచ్చి రాత్రిళ్ళు రాసిన కథ. ఒక మాసపత్రిక సంపాదకుడు, ఇది కుటుంబాలు చదివే పత్రిక అని, తామారు తాకట్టుగా తీసుకున్న ముద్ర, దారం, కర్ర మొత్తం కొట్టేసి వేశాడు. 'ఆమె నాకంటే నీతిమంతురాలు' అని యూదా ఎందుకంటున్నాడో చదివినవాళ్ళకు తెలియలేదు. ఆ ఇద్దరికీ పుట్టిన పెరెసు వంశంలోనే దావీదు పుట్టాడని రూతు గ్రంథం చివర రాసి ఉంది. అది కూడా ఆయనకు అక్కర్లేదు. ఆ పత్రికకు మళ్ళీ ఒక్క ముక్క పంపలేదు. ఇప్పటి సాక్ష్యాల వీడియోల్లోనూ అదే పద్ధతి: పాపం అరనిమిషం, దీవెన అరగంట.

రెండో సమూయేలు 23 కూడా తప్పకుండా చదువు. దావీదు చివరి మాటల్లో, దేవుడు నాతో నిత్యనిబంధన చేశాడు అంటాడు. అదే అధ్యాయంలో అతని శూరుల జాబితా ఉంది. అందులో అందరికంటే చివరి పేరు హిత్తీయుడైన ఊరియా. నిబంధననూ ఆ పేరునూ ఒకే అధ్యాయంలో పెట్టిన చేతిని చూసి నేర్చుకో.

నీ నవల ఆఖరి పేజీలో "ఈ కథ మనకు నేర్పేది" అని ఉంది, అది తీసెయ్. రాజుల గ్రంథం ఎలా ముగుస్తుందో చూడు. మందిరం కాలిపోయింది, రాజ్యం లేదు. దావీదు వంశపు యెహోయాకీను బబులోను చెరలో ఉన్నాడు. చెరకు వెళ్ళిన 37వ ఏట అతన్ని బందీఖానా నుంచి విడిపించారు, బట్టలు మార్చారు, బతికినన్నాళ్ళూ బబులోను రాజు బల్ల దగ్గర భోజనం పెట్టారు. ఆ రచయిత అక్కడితో ఆపేశాడు, దేవుడు మాట తప్పలేదు అని రాయలేదు. బబులోను తవ్వకాల్లో దొరికి 1939లో ప్రచురితమైన మట్టి పలకల్లో ఈ రాజుకూ అతని అయిదుగురు కొడుకులకూ ఇచ్చిన నూనె లెక్క కూడా ఉంది. పరాయి రాజు చిట్టాలో ఆ వంశం ఇంకా మిగిలే ఉంది.

నీ నవలలో ఏడో అధ్యాయం మొత్తం మళ్ళీ రాయి. దావీదును నిలదీయడానికి నాతాను ప్రవక్త రాకముందు ఊరియాకు కనీసం పది పేజీలు ఇవ్వు. అబ్షాలోము తిరుగుబాటు దాకా కథ సాగనీ, పుస్తకం లావైనా ఫర్వాలేదు. అయ్యాక ప్రింట్ తీసి పోస్టులో పంపు, ఫోన్‌లో చదవడం నాకు కష్టం.