ఫైల్లో సగం మార్పే కమిట్ చేయడం ఎలా?

ప్రశ్న: సార్, నేను కోడ్ రాయడానికి ఈమాక్స్ ఎడిటర్ వాడతాను. జీతాల లెక్క ప్రోగ్రాంలో పైసల రౌండింగ్ తప్పు సరిచేశాను. పనిలో పనిగా అదే ఫైల్లో కొన్ని వేరియబుల్ పేర్లు కూడా మార్చాను. ఇప్పుడు రౌండింగ్ ఒక్కటే ముందు పంపమంటున్నారు. కంట్రోల్-ఎక్స్, వి, వి నొక్కితే ఫైలంతా గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే పనిముట్టు) కమిట్ అయిపోతోంది, అంటే మార్పులన్నీ చరిత్రలో నమోదైపోతున్నాయి. ఎడిటర్‌లో గిట్ వాడేవాళ్లకి గిట్ ఎప్పటికీ రాదని మా సీనియర్ ఎగతాళి చేస్తారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఫైలంతా వెళ్లిపోవడంలో మీ తప్పేం లేదమ్మా. మీరు నొక్కింది ఈమాక్స్‌తోపాటే వచ్చే వీసీ (వర్షన్ కంట్రోల్) అనే భాగం. దాన్ని ఎరిక్ రేమండ్ 1992లో రాశాడు. గిట్ పుట్టింది 2005లో. వీసీ రాసిన రోజుల్లో ఆర్‌సీఎస్ లాంటి పాత పనిముట్లు ఒక్కో ఫైలుకి విడిగా చరిత్ర దాచేవి. అందుకే వీసీ ఇప్పటికీ ఫైలు లెక్కనే ఆలోచిస్తుంది. మీది ఈమాక్స్ 29 కానీ ఆ పైది కానీ అయితే ఓ దారి ఉంది. కంట్రోల్-ఎక్స్, వి, ఈక్వల్స్ నొక్కి డిఫ్ (ఏ లైన్లు మారాయో చూపే తెర) తెరవండి. అందులో అక్కర్లేని ముక్కల్ని తీసేసి, అక్కడే కంట్రోల్-ఎక్స్, వి, వి నొక్కితే మిగిలినవే కమిట్ అవుతాయి. డిఫ్‌లోంచి తీసేసినంత మాత్రాన ఫైల్లో మీ మార్పులు ఎక్కడికీ పోవు.

నన్నడిగితే మాత్రం మాజిట్ పెట్టుకోండి. 2008లో ఈమాక్స్‌లోంచే గిట్ పనులు చేసుకోవడానికి మారియస్ వోల్మర్ మొదలుపెట్టిన ప్యాకేజీ అది. ఇన్నేళ్లుగా యోనాస్ బెర్నూలీ చూసుకుంటున్నాడు. కంట్రోల్-ఎక్స్, జి నొక్కితే స్టేటస్ వస్తుంది. మీ ఫైలు పేరు మీద ట్యాబ్ కొడితే మార్పులు ముక్కలుముక్కలుగా విచ్చుకుంటాయి. రౌండింగ్ ముక్క మీద కర్సర్ పెట్టి ఎస్ నొక్కండి, అదొక్కటే స్టేజ్ అవుతుంది, అంటే తర్వాతి కమిట్‌కి సిద్ధమవుతుంది. రెండు మార్పులూ ఒకే ముక్కలో ఇరుక్కున్నాయా? కంట్రోల్-స్పేస్‌తో కావలసిన లైన్లు మాత్రం పట్టుకుని ఎస్ నొక్కండి. పొరపాటున వేరేది వెళ్తే దాని మీద యు కొడితే వెనక్కి వస్తుంది. కె జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి, అది మార్పునే చెరిపేస్తుంది. స్టేజ్ కూడా కాని మార్పు పోతే గిట్ తెచ్చివ్వలేదు. నిజంగానా అని అడుగుతుంది కానీ, సాయంత్రం ఆరింటికి ఎవరు చదువుతారు ఆ ప్రశ్న!

తర్వాత సి, మళ్లీ సి. సందేశం రాసే చోటు పక్కనే డిఫ్ కనిపిస్తుంది. నాకు మాజిట్‌లో అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఏం పంపుతున్నామో కళ్లముందు పెట్టుకుని రాస్తే "చిన్న మార్పులు" అని రాయడానికి చెయ్యి రాదు. కంట్రోల్-సి రెండుసార్లు కొడితే పూర్తయినట్టే.

పుష్ చేయడానికి (కమిట్‌ని అందరి కాపీకి పంపడానికి) ముందు ఒకటి చూడండి. మీరు కమిట్ చేసిన సగం మీ మెషిన్లో ఎప్పుడూ విడిగా నడవలేదు. రౌండింగ్ లైన్లో కొత్త వేరియబుల్ పేరు ఉండి, ఆ పేరు పెట్టిన లైను వెనక ఉండిపోతే ప్రోగ్రాం అక్కడే పడిపోతుంది. మీ విషయంలో ఇదే జరుగుతుందని నా అనుమానం. జడ్ రెండుసార్లు నొక్కితే మిగతా మార్పులు స్టాష్‌లోకి (తాత్కాలికంగా పక్కన దాచే చోటికి) పోతాయి. టెస్టులు నడపండి. పడితే ఆ లైన్లో పాత పేరే పెట్టి, ఎస్‌తో స్టేజ్ చేసి, సి, ఈ నొక్కండి. కొత్త కమిట్ కాకుండా ఇందాకటి దాంట్లోనే కలుస్తుంది. ఆ తర్వాత జడ్, పి నొక్కితే దాచినవి తిరిగి వస్తాయి. అప్పుడు ఆ లైను దగ్గర కాన్‌ఫ్లిక్ట్ (రెండు మార్పులు ఢీకొనడం) రావచ్చు. వస్తే కొత్త పేరున్న వైపు ఉంచుకోండి.

ఇక మీ సీనియర్ గారి మాట. స్టేటస్‌లో ఉండగా డాలర్ గుర్తు నొక్కండి. మీ కోసం మాజిట్ నడిపిన గిట్ కమాండ్లు వరసగా కనిపిస్తాయి. ఆయన్ని పక్కన కూర్చోబెట్టి చూపించండి. టెర్మినల్లో ఇదే పనికి ఆయన గిట్ యాడ్‌కి మైనస్ పి తగిలించి, ముక్కముక్కకీ అవును, కాదు అని జవాబిస్తూ పోతారు. ఒకే ముక్కలోని పక్కపక్క లైన్లు విడదీయాల్సి వస్తే ఈ నొక్కి, ప్యాచ్‌ని చేత్తో దిద్దుకోవాలి. అయినా ఆయన మాట పూర్తిగా కొట్టేయను. ఈమాక్స్ లేని సర్వర్లో ఏదో ఒక రోజు పని పడుతుంది. స్టేటస్, డిఫ్, యాడ్, కమిట్, స్టాష్, రెఫ్‌లాగ్ ఈ ఆరు కమాండ్లూ టెర్మినల్లో చేతికి అలవాటు చేసుకోండి. కమిట్లను తిరగరాసే రీబేస్ లాంటివి ఆ డాలర్ తెర చూస్తూ నెమ్మదిగా పట్టుకోవచ్చు.