వియన్నా నుంచి వచ్చినప్పట్నుంచీ ఆవిడ ముభావంగా ఉంటోంది

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. మా ఆవిడ స్కూల్ టీచర్. పెళ్లయిన పన్నెండేళ్లకు, పిల్లాణ్ని అమ్మ దగ్గర వదిలి, మొదటిసారి ఇద్దరమే ఐదు రోజులు వియన్నా వెళ్లాం. గంట కూడా వృథా కాకుండా ప్లాన్ వేశాను. ఖర్చు తగ్గుతుందని కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాను. రాత్రికి వచ్చి అన్నం, చారు వండుకునేవాళ్లం. మొదటిరోజు సెయింట్ స్టీఫెన్ చర్చి గోపురం 343 మెట్లు ఎక్కాం. రెండోరోజు రెండు మ్యూజియంలు చూశాం. మూడోరోజు షోన్‌బ్రున్ ప్యాలెస్ తోటలో బెంచీ మీద కూర్చుని, ‘నేనిక రాను, మీరు చూసి రండి’ అంది. టికెట్లు కొనేశాం కదా అని లోపలికి వెళ్లి చూసొచ్చాను. ఊరికి వచ్చాక మా అక్క అడిగితే, మా ఆవిడ ముందే ‘నాలుగు లక్షలు పోసి తీసుకెళ్తే మొహం మాడ్చుకుని కూర్చుంది’ అన్నాను. ఇప్పుడు అవసరమైతే తప్ప మాట్లాడటం లేదు. నా తప్పేమిటి?

జవాబు: మీ అక్కగారి ముందు అన్న మాటతోనే మొదలుపెడతాను, ఎక్కువ గాయం అక్కడే అయింది. తోటలో జరిగింది మీ ఇద్దరి మధ్య విషయం. ఆ రాత్రి కాసేపు మాట్లాడుకుని ఉంటే తేలిపోయేది. ఆడపడుచు ముందు భర్త అలా అంటే ఏ భార్యా అంత తేలిగ్గా మర్చిపోలేదు. ఇక పండక్కో పెళ్లికో అందరూ కలిసినప్పుడల్లా ఆవిడకు అదే గుర్తొస్తుంది. పైగా ఆవిడా సంపాదిస్తోంది. ఇల్లు ఇద్దరి జీతాలతో నడుస్తున్నప్పుడు ‘నేను పోసి తీసుకెళ్లాను’ అనడం న్యాయం కాదు.

ఇంకో సంగతి. అన్నం, చారు వండుకునేవాళ్లమని రాశారు గానీ, పొయ్యి దగ్గర నిలబడిందెవరో రాయలేదు. ఆవిడే అయితే, పగలంతా నడిచి వచ్చి బియ్యం కడిగి, చారు కాచి, గిన్నెలు తోమి పడుకుని, పొద్దున్నే మళ్లీ మీ ప్లాన్ ప్రకారం బయల్దేరిందన్నమాట. మీకు ఆ ఐదు రోజులూ సెలవే. ఆవిడకు ఇంటి చాకిరీ ఎక్కడ తప్పింది?

మీ ఆత్రం నాకు అర్థం కాకపోలేదు. వీసా, లీవు, డబ్బు... మళ్లీ వస్తామో రామో అన్న బెంగ మనలో చాలామందికి ఉంటుంది. కానీ షోన్‌బ్రున్‌లో 1,441 గదులుంటే మామూలు సందర్శకులకు చూపించేది 40 వరకే. అన్నీ చూశామనిపించుకోవడం ఆ ఊళ్లో ఎవరివల్లా కాదు. అసలు వియన్నా అంటేనే తీరిగ్గా కూర్చునే ఊరు. కాఫీ హౌస్‌లో ఒక్క కాఫీ చెబితే చిన్న ట్రేలో కప్పూ, పక్కనే గ్లాసు మంచినీళ్లూ తెచ్చిపెడతారు. పేపర్ చదువుతూ ఎంతసేపు కూర్చున్నా లేవమనరు, మనం అడిగేదాకా బిల్లు కూడా తేరు. ఆ కాఫీ హౌస్ అలవాటును ఆస్ట్రియా 2011లో తమ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది కూడా. మీరు చెప్పిన ప్లాన్‌లో అలాంటి గంట నాకు కనిపించలేదు. ఆ బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చుని ఉంటే పోయేది టికెట్ల డబ్బు మాత్రమే. అలసిపోయిన మనిషిని భాష తెలియని ఊళ్లో ఒంటరిగా వదిలి వెళ్లడం ఆవిడకు ఎలా అనిపించి ఉంటుందో ఒకసారి ఆలోచించండి.

ఆవిడ కూడా మొదటి రాత్రే ‘నావల్ల కావట్లేదు’ అని ఉంటే బాగుండేది. ఆ మాట మీరిప్పుడు అనకండి. అది ఆవిడ తనకు తానుగా అనాల్సింది.

ముందు క్షమాపణ అడగండి. ‘కానీ నువ్వు కూడా’ అని దానికి తోక తగిలించొద్దు. తర్వాత అక్కగారితో, మీ ఆవిడ ఎదుటే, ‘ఆరోజు నేనలా అనకుండా ఉండాల్సింది, తప్పు నాదే’ అని చెప్పండి. నలుగురిలో అన్నమాట పడగ్గదిలో సారీ చెబితే పోదు. ఆ పైన ఆ ఐదు రోజుల్లో తనకు ఏది నచ్చింది, ఏది కష్టమైంది అని అడిగి, పూర్తయ్యేదాకా వినండి. మధ్యలో డబ్బు ప్రస్తావన తేవద్దు. మొదటిసారి ఏమీ చెప్పకపోవచ్చు. విసుక్కోకుండా నాలుగు రోజులాగి మళ్లీ అడగండి. ఈలోగా సాయంత్రం వంటలో సగం మీరు చేయండి, చెప్పి కాదు, చేసి.

ఇవన్నీ చేశాక కూడా నెల, రెండు నెలల పాటు ఇదే మౌనం ఉంటే, ఇద్దరూ కలిసి దగ్గర్లోని ఫ్యామిలీ కౌన్సెలర్‌ను కలవండి. పెద్దల పంచాయితీ మాత్రం పెట్టకండి, మీ అక్కగారిని అసలే మధ్యవర్తిగా పిలవొద్దు.